చేతులు కట్టుకుని అడిగిన మాట

“చెయ్యి పోయేది. జుట్టు చిక్కుకుంటే తలే పోయేది. అప్పుడు అందరూ తీరిగ్గా కూర్చుని, నేను గట్టిగా చెప్పానా మెల్లిగా చెప్పానా అని మాట్లాడుకునేవాళ్ళు,” అంది కోడలు.

కుళాయి కింద తల వంచి జుట్టులోని రంపంపొట్టు కడుక్కుంటోంది. మిల్లులో పనిచేసేటప్పుడు పైన తొడుక్కునే మొగుడి పాత చొక్కా పక్కన కుర్చీ మీద వేలాడుతోంది. దానికి కుడిచెయ్యి మోచేతి దాకానే ఉంది. మిగతాది మిషను బెల్టు తినేసింది.

కొడుకు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావడం లేదు, బయటికీ పోవడం లేదు.

“నువ్వు మెల్లిగా చెప్పావని నేననలేదు. మిషను కింద గుంటలో కూర్చుని చెప్తే పైకి వినపడి ఉండదు అన్నాను.”

“మిషను ఆగి ఉంది. ఈగ ఎగిరినా వినపడుతుంది. ‘మావయ్యా, కింద పొట్టు తీస్తున్నాను, స్విచ్చి వెయ్యొద్దు’ అన్నాను. ‘అవునవును’ అన్నారు. అంటూనే వేశారు.”

“పొరపాటు.”

“పొరపాటైతే నేనే నోరు మూసుకునేదాన్ని. రోజూ ఎన్ని పొరపాట్లకి మూసుకోవడం లేదు?”

ఈ చివరి మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది. పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడ్డ అత్తగారు గరిటె కింద పెట్టింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించేవాళ్ళు కొందరుంటారు. ఈ కోడలికి ఆ ఓపిక లేదు, దుత్తతో పనేముందని నేరుగా అత్త మీదే చూపిస్తుంది. అయినా ఆ ఇద్దరికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి గౌరవమే. అది బయటికి చెప్పుకునే అలవాటు మాత్రం లేదు.

“ఆపారు కదా మళ్ళీ,” అన్నాడు కొడుకు. “వెంటనే ఆపారు. నేను చూశాను.”

“ఎప్పుడు ఆపారు? బెల్టు చొక్కాని పట్టుకున్నాక, గుంటలోంచి చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపించాను. అప్పుడు ఆపారు. కనురెప్ప వేసేలోగా ఆపారు, అది నేను కాదనను. మాట చెప్తే వేశారు, చెయ్యి చూపిస్తే ఆపారు. దాని అర్థమేంటో మీరే చెప్పండి.”



ముందు గదిలో, వీధిలోకి చూసే కిటికీ పక్కన, ఈ గొడవకంతటికీ మూలమైన మనిషి కూర్చుని ఉన్నాడు. కోతమిల్లుకి వచ్చేపోయే వాళ్ళందరూ ఆయన్ని గురి మేస్త్రి అంటారు. దుంగని ఒక్కసారి కంటితో చూసి రంపానికి పెడితే గీత తప్పేది కాదు, అందుకని ఆ పేరు. పక్షవాతం వచ్చి, ఆస్పత్రిలో ఉండి, కాలూ చెయ్యీ మళ్ళీ మాట విని, ఇవాళే మొదటిసారి రంపం ముందు నిలబడ్డాడు. పొద్దున తోలు ఏప్రను కట్టుకుంటుంటే మొహం వెలిగిపోయింది. ఇప్పుడు కూడా ఆ ఏప్రను విప్పలేదు. వంటింట్లోంచి గొంతులు పెరిగినప్పుడల్లా ఇటు చూసి, చిన్నగా నవ్వి, మళ్ళీ మిల్లు షెడ్డు వైపు చూస్తున్నాడు.

“ఆస్పత్రిలో మాటల డాక్టరమ్మ పరీక్ష చేసింది,” అన్నాడు కొడుకు. “నేను చెయ్యలేదు, నువ్వు చెయ్యలేదు. చదువుకున్న మనిషి చేసింది. ‘మాట బయటికి రావడమే ఆలస్యం, అర్థం చేసుకోవడంలో లోటు లేదు’ అంది. ఆ మాట నేను కల్పించానా?”

“మీరు కల్పించారని ఎవరన్నారు?”

“కట్టె నీళ్ళలో మునుగుతుందా అని అడిగితే నాన్న ఏం చేశారు? చెయ్యి తక్కెడలా ఇలా అటూ ఇటూ ఊపారు. కొన్ని మునుగుతాయి, కొన్ని తేలతాయి అని. డాక్టరమ్మే నవ్వేసి, కట్టెల మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదులే ఇది అందట. అర్థం కాని మనిషి అలాంటి జవాబు చెప్తాడా? అమ్మ అక్కడే ఉంది. కావాలంటే అడుగు.”

కోడలు కుళాయి కట్టేసింది. తల తుడుచుకుంటూ అత్తగారి వీపు వైపు చూసింది.

“పాలు పొంగుతాయి, అడ్డు లేవండి,” అంది అత్తగారు. పొయ్యి మీద పాలు లేవు. టీ కోసం పెట్టిన నీళ్ళు ఉన్నాయి.

ఆ సంగతి కోడలు గమనించింది. కొడుకు గమనించలేదు.

“సరే,” అంది కోడలు. “మధ్యాహ్నం కోత మొదలుపెడితే అటు చివర నేను నిలబడను. గుంటలోకి దిగను. మావయ్య స్విచ్చి దగ్గర ఉన్నంతవరకూ నా కాలు మిల్లులో పడదు. ఇంకెవరినైనా పెట్టుకోండి.”

“ఆయనకి ఆ రంపం తప్ప ఇంకేముంది? ఇంట్లో కూర్చోబెడితే కుంగిపోతారు.”

“నేను పోతే కుంగిపోరా?”

జవాబు కొడుకు చెప్పాల్సింది. అత్తగారు చెప్పింది, అటు తిరిగే.

“ఆయన్ని మూల కూర్చోబెట్టి పెత్తనం తీసుకోవాలని ఉంటే ఆ మాట సూటిగా చెప్పు. డొంకతిరుగుడు దేనికి?”

 ఆ మాటలో ఇసుమంత నిజం లేదని ఆమెకి తెలుసు. ఆస్పత్రిలో ఆయన్ని లేపింది, నడిపించింది, గడ్డం గీసింది ఈ పిల్లే. కోడలు తువ్వాలు కుర్చీ మీద వేసి, సగం చెయ్యి పోయిన ఆ చొక్కా తీసుకుని, అత్తగారి పక్కనే ఉన్న కొయ్యకి తగిలించింది.  

*

మాటల డాక్టరమ్మకి ఫోను చేద్దామన్నది కొడుకే. భార్య నోరు మూయించడానికి అదే దగ్గర దారి అనుకున్నాడు. ఫోను స్పీకరులో పెట్టి భోజనాల బల్ల మీద ఉంచాడు. అత్తగారు గిన్నెలు సర్దుతున్నట్టు అక్కడే తచ్చాడింది.

కొడుకు జరిగింది చెప్పాడు. చొక్కా చెయ్యి సంగతి వదిలేశాడు. కోడలు కలుగజేసుకుని ఆ సంగతి తను చెప్పింది.

 ఫోనులో డాక్టరమ్మ వెనక ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినపడింది.

“చూడండి, ఆ రోజు నేను చేసింది జల్లెడ పట్టడం లాంటిది,” అంది. “పక్షవాతం వచ్చిన ప్రతి మనిషికీ ముందు చిన్న పరీక్ష చేస్తాం. మాటలో ఇబ్బంది ఉందనిపించిన వాళ్ళని పక్కకి తీసి తర్వాత పెద్ద పరీక్ష చేస్తాం. జల్లెడలోంచి ఒక్కోసారి రాళ్ళు కూడా జారిపోతాయి. ఇంట్లో తేడా కనిపిస్తే నా మాట పట్టుకుని వేలాడకండి.”

“అర్థం కావడంలో లోటు లేదన్నారు కదా మేడమ్.”

“అన్నాను. అడిగినవన్నీ సరిగ్గా చేశారు, కాదనను. ఒక్కటే నాకు కొంచెం వింతగా అనిపించింది. ఆయన నా మొహంలోకి చూడలేదు. ప్రతి ప్రశ్నకీ చూపు నా భుజం మీంచి వెనక్కి పోయేది. కంటిచూపులో ఏదైనా తేడా ఉందేమోనని కళ్ళ డాక్టరుకి చెప్పాను కూడా. ఆ రోజు ఆయనతో ఎవరున్నారు?”

“మా అమ్మ.”

“ఆవిడ ఉన్నారా అక్కడ?”

కొడుకు తల్లి వైపు ఫోను జరిపాడు. ఆమె చేతులు తుడుచుకుంది. అవి తడిగా లేవు.

“ఉన్నాను మేడమ్.”

“మీరేమైనా గమనించారా అమ్మా? ఆయన ఎటు చూస్తున్నారో?”

“నాకేం తెలుస్తుంది మేడమ్, నేను వెనక ఉన్నాను.”

డాక్టరమ్మ అక్కడితో వదిలేసింది. కోడలు వదల్లేదు, చూపు అత్తగారి చేతుల మీదే ఉంచింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే పిల్ల ఆమె.

“ఒక పని చెయ్యండి,” అంది డాక్టరమ్మ. “ఆయన ఎదురుగా కూర్చుని, చేతులు కదపకుండా, మొహంలో ఏమీ చూపించకుండా, నోటితో మాత్రమే కొన్ని ప్రశ్నలు అడగండి. కొన్నిటికి ‘అవును’ రావాలి, కొన్నిటికి ‘కాదు’ రావాలి. అన్నిటికీ ఒకే జవాబు వస్తే, ఆయన అవును అన్నా అది అవును కాదని అర్థం. అలాగైతే వెంటనే తీసుకురండి. నేర్పడానికి చాలా ఉంది, భయపడకండి. అంతవరకూ మాత్రం మిషను దగ్గరికి పంపొద్దు.”

ఫోను పెట్టేశాక బల్ల చుట్టూ ముగ్గురూ నిలబడే ఉన్నారు.

“అడగండి,” అంది కోడలు.

“ఏమని?”

“ఆవిడ చెప్పినట్టు.”

“మా నాన్నని కూర్చోబెట్టి, చేతులు కట్టుకుని, ఒకటో తరగతి పిల్లాడిలా ప్రశ్నలడగనా? ఈ మిల్లులో నాకు రంపం పట్టడం నేర్పిన మనిషిని?”

“నేనడగనా?”

“ఎవరూ అడగక్కర్లేదు. బెల్టు చూసొస్తాను,” అని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. అతనికి భయం వేసింది. ఒప్పుకోడు, అది వేరే సంగతి.

కోడలు కూడా ఆగలేదు. పెరట్లో ఆరేసిన బట్టలు తియ్యడానికి వెళ్ళింది. వెళ్తూ గుమ్మం దగ్గర తిరిగి, “మీరు కుట్ర అన్నది నన్నేనా అత్తయ్యా?” అంది.

“కుట్ర అనలేదు. డొంకతిరుగుడు అన్నాను.”

“అదేలెండి,” అని వెళ్ళింది.

అత్తగారు ఒక్కతే మిగిలింది. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆమె పరిస్థితి. నొప్పి చెప్పుకోవాలంటే దొంగతనం కూడా చెప్పుకోవాలి.

*

ఆ దొంగతనం ఇదీ.

రంపం తిరుగుతున్నప్పుడు మిల్లులో చెవులు పనికిరావు. పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా అంతే. అందుకని ఆ ఇంటివాళ్ళందరూ చేతులతో మాట్లాడతారు. పిడికిలి బిగిస్తే అవును. చెయ్యి అడ్డంగా ఊపితే కాదు. అరచెయ్యి చూపిస్తే ఆపు. వేలు గుండ్రంగా తిప్పితే నడుపు. మణికట్టు మీద తడితే ఎంతసేపు. సైగ అందుకున్నవాడు దాన్ని అక్కడే ఉంచుకోకూడదు, తన వెనక ఉన్నవాడికి అలాగే అందించాలి. ఈ చివరి నుంచి ఆ చివరికి మాట అలా నడుస్తుంది. అర్థమయ్యాక అందించడం కాదు, కంటపడగానే అందించడం. రంపం ముందు ఆలోచించుకునే తీరిక ఉండదు.

అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఆ ఇంట్లో ఎవరైనా “వడ్డించనా?” అని అడిగారంటే ఆ సరికే చెయ్యి కూడా అడిగేసి ఉంటుంది. పైగా మేస్త్రి ముందునుంచీ మితభాషి. నెలకో వాక్యం మాట్లాడితే ఎక్కువ. అవును, అదే మరి, చూద్దాం, అంతే. ఆస్పత్రి నుంచి వచ్చాక ‘చూద్దాం’ ఒక్కటీ పోయింది. దాన్ని ఎవరూ వెతుక్కోలేదు.

ఆస్పత్రిలో పక్క మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. ఆయనా మాటల పరీక్షకి వెళ్ళి తప్పాడు. ఆ సాయంత్రం నుంచే ఆయన కొడుకులు ఆయన తల మీంచి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఏం తినాలి, ఏ గదిలో పడుకోవాలి, గడియారం ఎవరికి. “ఆయన్ని అడిగేదేముందిలే” అనే మాట ఆ మంచం దగ్గర రోజంతా వినపడేది. ముసలాయన ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు మొహం తిప్పుతూ ఉండేవాడు.

అత్తగారు అది చూసింది. నా మనిషిని అలా కానివ్వను అనుకుంది. అంతే, అంతకు మించి ఆలోచించలేదు.

పరీక్ష గదిలో తోడు వచ్చినవాళ్ళు బయట కూర్చోవాలన్నారు. నేను కనపడకపోతే ఆయన కంగారు పడతారని చెప్పి, డాక్టరమ్మ కుర్చీ వెనక నిలబడింది. “కళ్ళు మూసుకోండి,” అంది డాక్టరమ్మ. ఈమె కళ్ళు మూసుకుని తెరిచింది. ఆయన మూసుకున్నాడు. “ముక్కు ముట్టుకోండి.” ఈమె ముక్కు గోక్కుంది. ఆయన ముట్టుకున్నాడు. “ఇది గోడేనా?” పిడికిలి. “మీరు ఆడవాళ్ళా?” చెయ్యి అడ్డంగా. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నప్పుడు మాత్రం చేతులతో చెప్పే దారి లేదు. అందులో ఆయన తడబడ్డాడు, అందుకే మాట రావడం ఆలస్యం అని రాశారు.

కట్టె మునుగుతుందా అన్నప్పుడు ఈమెకే తోచలేదు. చేవ ఉన్న కట్టె మునుగుతుంది, తేలిక కట్టె తేలుతుంది, ఏమని చూపించాలి? చెయ్యి అటూ ఇటూ ఊగిసలాడింది. ఆయన ఆ ఊగిసలాటని కూడా ఉన్నదున్నట్టు ముందుకి అందించాడు. డాక్టరమ్మ నవ్వింది. గట్టెక్కాం అనుకుంది ఈమె.

ఇంటికొచ్చాక అందరికీ ఆ కట్టె కథ చెప్పుకుని మురిసింది. చెప్పగా చెప్పగా ఆమెకే అది నిజమేమో అనిపించడం మొదలైంది. తన సాయం కొంచెమే, మిగతాది ఆయనదే అనుకుంది. నమ్మాలనుకున్న మనిషికి సాక్ష్యాలు కరువా?

*

ముందు గదిలోకి వెళ్ళి భర్త ఎదురుగా చిన్న స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయన ఆమెని చూసి నవ్వాడు. బాగా నవ్వాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ముందుకన్నా ఎక్కువే నవ్వుతున్నాడు.

ఆమె రెండు చేతులూ కట్టుకుంది. వేళ్ళు కూడా కనపడకుండా చంకల్లో బిగించింది. మొహం గోడలా పెట్టుకుంది.

“ఏమండీ, కళ్ళు మూసుకోండి.”

“అవును,” అన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అవి ఆమె మోచేతుల దగ్గర తిరుగుతున్నాయి.

“ముక్కు ముట్టుకోండి.”

“అదే మరి.”

ఆయన కొంచెం పక్కకి వంగి చూశాడు. కిందపడ్డ మేకు కోసం చూసినట్టు చూశాడు.

“మనకి ఏనుగు ఉందా?”

“అవును.”

“ఏమండీ, సరిగ్గా వినండి. మన అబ్బాయి ఆడపిల్లా?”

“అవునవును.”

 మొహం గోడలా ఉంచడం కష్టమైంది. ఇక్కడితో ఆపేద్దామనుకుంది కానీ నోరు ఆగలేదు.

“నేను మీకు ఏమవుతాను? మీ చెల్లెల్నా?”

“అవును,” అన్నాడు ఆయన. ఎంతో ఇష్టంగా అన్నాడు. ఆమె మోకాలి మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టాడు.

ముందు ఆమెకి భయం వేసింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ రెండిటినీ తోసుకుంటూ సిగ్గు వచ్చింది. ఈయనకి మాట అర్థం కావడం లేదు, ఆ సంగతి ఆస్పత్రిలోనే తెలియాల్సింది, తెలియకుండా అడ్డం నిలబడ్డది తను. పొద్దున ఆ పిల్ల గుంటలో ఉండగా ఈయన స్విచ్చి వేశాడంటే, ఆ వేలు ఈయనదే కావచ్చు, వేయించింది తను.

మేస్త్రి ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాడు. నవ్వు ఆగిపోయింది. ముందుకి వంగి, ఆమె చంకలో దాచుకున్న చేతిని మెల్లిగా బయటికి లాగాడు. మూసిన వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు. విప్పి, ఆ అరచేతిలోకి చూస్తూ, అది ఏదో ఒకటి చెప్పేదాకా ఆగుదామన్నట్టు కూర్చున్నాడు.



*

కొడుకూ కోడలూ భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి అత్తగారు నిలబడి ఉంది. ఎక్కడా ఆగకుండా చెప్పింది. కళ్ళు మూసుకోవడం, ముక్కు గోక్కోవడం, పిడికిలి, ఆఖరికి కట్టె సంగతి. చెప్తున్నంతసేపూ కోడలి వైపు చూడలేదు.

కోడలు ఆశ్చర్యపోలేదు. “పొయ్యి మీద నీళ్ళు పెట్టి పాలు పొంగుతున్నాయన్నప్పుడే అనుకున్నాను,” అంది.

“పొద్దున నిన్నన్న మాట...”

“తర్వాత మాట్లాడుకుందాం అత్తయ్యా. అది మన ఇద్దరి గొడవ. ఎక్కడికీ పోదు.”

కొడుకు మాత్రం నమ్మలేదు. “ఇద్దరూ ఎప్పుడు కలిశారు?” అన్నాడు. “పొద్దున కత్తులు నూరుకున్నారు, ఇప్పుడు ఒకటే పాటా? అమ్మా, నీ కోడలు భయపడిందని దాన్ని వెనకేసుకొస్తున్నావు. కట్టె సైగ నువ్వు చేశావా? మరి ఇన్నాళ్ళూ నాన్న గొప్ప అని చెప్పావెందుకు?”

“అది ఆయన గొప్పే కావాలని చెప్పుకున్నాను.”

“నేన్నమ్మను.”

“ఆయన్నే అడుగు,” అంది తల్లి. అలసిపోయింది.

అతను విసురుగా ముందు గదిలోకి వెళ్ళాడు. తండ్రి ముందు నిలబడి, పౌరుషానికి చేతులు జేబుల్లో దోపుకున్నాడు. డాక్టరమ్మ చెప్పినట్టు కావాలని కాదు, కోపమొస్తే అతను నిలబడే తీరే అది.

“నాన్నా, అమ్మ చెప్పేదంతా అబద్ధమే కదా?”

“అవును,” అన్నాడు మేస్త్రి.

కొడుకు గుండెల నిండా ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగాడు. చూశారా అని నోటితో అనలేదు, మొహం అంది. ఆ మొహం చూసి తల్లికి జాలేసింది. చిన్నప్పుడు పోయిన బంతి దొరికినప్పుడు కూడా వాడి మొహం అలాగే ఉండేది.

కోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమె గొంతులో పొద్దుటి వాడి లేదు.

“ఇప్పుడు నిజమేనా అని అడగండి. చేతులు జేబుల్లోనే ఉంచండి.”

కొడుకు అడగలేదు.  గోడ మీద గడియారం కొట్టుకుంటోంది. బయట ఎవరో లారీ వెనక్కి తీస్తున్నారు.

“అడగరా,” అంది తల్లి మెల్లిగా.

“నాన్నా.” గొంతు సవరించుకున్నాడు. “అమ్మ చెప్పింది... నిజమేనా?”

“అవును,” అన్నాడు మేస్త్రి. అదే గొంతు, అదే నవ్వు, అంతే ఇష్టం.

కొడుకు జేబుల్లోంచి చేతులు తీశాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తండ్రి పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

ఇంతమంది ఒక్కచోట చేరి కదలకుండా ఉండడం మేస్త్రికి నచ్చలేదు. పని వేళయింది. లేచి నిలబడి, ఏప్రను సర్దుకుని, షెడ్డు వైపు చూపించి, వేలు గుండ్రంగా తిప్పాడు. నడుపుదాం రండి.

ఎవరూ కదల్లేదు. మళ్ళీ తిప్పాడు.

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారి చేతులు లేవలేదు. కొడుకు తలెత్తలేదు. ఇక తప్పదని కోడలు గుమ్మంలోంచి రెండడుగులు ముందుకి వేసి, పొద్దున గుంటలోంచి ఎత్తిన అదే చెయ్యి ఎత్తి, అరచెయ్యి చూపించింది.

మేస్త్రి అక్కడికక్కడే ఆగిపోయాడు. ఎందుకని అడగలేదు, అడ్డం చెప్పలేదు. సైగ అందుకున్నవాడు వెనకవాడికి అందించాలి కనక, వెనక ఎవరూ లేకపోయినా, తిరిగి ఖాళీ గోడకి అరచెయ్యి చూపించాడు. తర్వాత మెడ వెనక ముడి విప్పుకుని ఏప్రను తీశాడు. నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద పెట్టాడు.

అప్పుడు కోడలి వైపు చూసి, మణికట్టు మీద వేలితో తట్టాడు.

ఎంతసేపు?

మిల్లులో దానికి జవాబు వేళ్ళతో చెప్తారు. ఇన్ని వేళ్ళు చూపిస్తే ఇన్ని నిమిషాలు. కోత మధ్యలో రెండు చేతుల వేళ్ళకి మించి ఆ రంపం ఎప్పుడూ ఆగలేదు, అంతకు మించిన సైగ ఎవరికీ అవసరం పడలేదు.

కోడలు ఎత్తిన చెయ్యి దించింది. కొడుకు తల్లిని చూశాడు. తల్లి తన వేళ్ళని చూసుకుంది.

మేస్త్రి ఓపిగ్గా, ఒక్కొక్కరి మొహం కాదు, ఒక్కొక్కరి చేతులు చూస్తూ, మళ్ళీ మణికట్టు మీద తట్టాడు.